మూడు పాత కంప్యూటర్లకు వైఫై

మా ఇంట్లో వాడుకలో ఉన్న పాత కంప్యూటర్లు మూడు. మేడ మీద నాన్నగారు రాసుకునే డెస్క్‌టాప్ ఒకటి, అమ్మ వీడియో కాల్స్‌కూ పాటలకూ వాడే ల్యాప్‌టాప్ ఒకటి, వెనక గదిలో స్కానర్‌తో జతగా ఉన్న మరీ పాత డెస్క్‌టాప్ ఇంకొకటి. ఇంటర్నెట్ లైను మాత్రం ముందు గదిలోని రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. ఫోన్లన్నీ వైఫైతో హాయిగా నడుస్తున్నా ఈ మూడింటికీ ఆ సౌకర్యం లేదు. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు ఉంది గానీ పది నిమిషాలకోసారి తెగిపోయేది. ఏ ఫైలు పంపాలన్నా పెన్‌డ్రైవ్ పట్టుకుని మెట్లెక్కి దిగాల్సిందే. గోడలకు రంధ్రాలు పెట్టి కేబుల్ లాగించడం అమ్మకు ఇష్టం లేదు. మూడూ తీసేసి కొత్తవి కొనమని సలహా ఇచ్చినవారున్నారు. చక్కగా పనిచేస్తున్న యంత్రాన్ని వైఫై లేదన్న ఒక్క కారణంతో పారేయడానికి నాకు మనసొప్పలేదు.

వీలైనంత తక్కువ ఖర్చుతో మూడింటినీ నెట్‌వర్క్‌లోకి తెచ్చాను. ఒక్కోదానికి ఒక్కో దారి పట్టాల్సి వచ్చింది. ఈ పనిలో నాకు బాగా తెలిసివచ్చిన విషయం ముందే చెప్పేస్తాను. వైఫై అడాప్టర్ (కంప్యూటర్‌కు తగిలిస్తే వైఫై అందుకునే చిన్న పరికరం) కొనేటప్పుడు చూడవలసింది పెట్టె మీది వేగం అంకె కాదు, కంపెనీ పేరూ కాదు, లోపలున్న చిప్. పాత కంప్యూటర్ విషయంలో అయితే మరీనూ.

ఏదీ కొనకముందు మూడు యంత్రాల్లోనూ ఏయే పోర్టులు, స్లాట్లు ఉన్నాయో చూసుకున్నాను. నాన్నగారి డెస్క్‌టాప్‌లో యూఎస్‌బీ 2.0 ఉంది. 2000లో వచ్చిన ఈ ప్రమాణం సెకనుకు 480 మెగాబిట్ల వరకు మోయగలదు. మామూలు వైఫై అడాప్టర్‌కు అది ధారాళంగా సరిపోతుంది. వెనక గదిలోని దానికి యూఎస్‌బీ 1.1 మాత్రమే ఉంది. దాని గరిష్ఠ వేగం 12 మెగాబిట్లు. ఎంత మంచి అడాప్టర్ తగిలించినా ఆ గీత దాటదు. పోర్టు ఆకారం రెండింటికీ ఒకటే కాబట్టి కంటితో చూసి తేడా చెప్పలేం. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి యూఎస్‌బీ కంట్రోలర్ల జాబితా చూడాలి. అందులో ‘ఎన్‌హాన్స్‌డ్’ అనే మాటతో ఒక కంట్రోలర్ కనిపిస్తే 2.0 ఉన్నట్టు.

డెస్క్‌టాప్‌లకు క్యాబినెట్ లోపల స్లాట్లు కూడా ఉంటాయి. పొడవుగా, చాలావరకు తెల్లగా కనిపించేవి పాత పీసీఐ స్లాట్లు. వాటి పక్కన వేలి కణుపంత పొట్టిగా ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్. ఒకదానికి చేసిన కార్డు ఇంకొకదాంట్లో దూరదు. దుకాణాల్లో కొత్తగా దొరికే కార్డులు దాదాపు అన్నీ ఎక్స్‌ప్రెస్‌వే. పాత పీసీఐ కార్డు కావాలంటే వాడేసినవాటిలో వెతుక్కోవాలి. పాత ల్యాప్‌టాప్‌లో అయితే అడుగున ఒక మూత ఉంటుంది, దాని కింద మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పడుకుని ఉంటుంది.

వేగం సంగతి తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. 1999లో వచ్చిన 802.11బీ అనే వైఫై ప్రమాణం వేగం 11 మెగాబిట్లు, 2003 నాటి 802.11జీ వేగం 54. 2009లో ఖరారైన 802.11ఎన్‌కు పెట్టె మీద 150 అనో 300 అనో వేస్తారు. ఇవన్నీ గాలిలో సంకేతాలు వెళ్ళే సైద్ధాంతిక వేగాలు. రేడియోలో అందరూ వంతులవారీగా మాట్లాడాలి, ప్రతి మాటకూ అందినట్టు జవాబు రావాలి. అందువల్ల చేతికి దక్కేది ఉజ్జాయింపుగా సగం. 150 అనే అంకె వెనక ఇంకో మెలిక ఉంది. అడాప్టర్ 40 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ వాడితేనే ఆ అంకె వస్తుంది. చుట్టూ ఇళ్ళున్న చోట 2.4 గిగాహెర్ట్జ్‌లో అంత వెడల్పు ఎలాగూ దొరకదు. 20 మెగాహెర్ట్జ్‌కు దిగితే అదే అడాప్టర్ వేగం 72. అందులో సగమంటే 35 చిల్లర. నాన్నగారు వార్తలు చదువుతారు, ఉత్తరాలు పంపుతారు, అప్పుడప్పుడూ ఉపన్యాసాల వీడియోలు చూస్తారు. ఆ పనులకు 35 మెగాబిట్లు పుష్కలం. అంచేత 1200 అని పెద్ద అక్షరాలతో రాసిన పెట్టెల వైపు నేను చూడలేదు. ఆ 1200 కూడా రెండు బ్యాండ్ల (2.4, 5 గిగాహెర్ట్జ్) వేగాలు, 300నూ 867నూ, కలిపి గుండు చేసిన మొత్తం. ఒక అడాప్టర్ ఒకేసారి రెండు బ్యాండ్ల మీదా నడవదు.

ముందుగా మేడ మీది డెస్క్‌టాప్ పని పట్టాను. అందులో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దానిలో డెబియన్ 12 అనే రకం. మా అక్కయ్య కొడుకు తన దగ్గర ఊరికే పడి ఉన్న గోరంత అడాప్టర్ ఒకటి ఇచ్చాడు. తగిలిస్తే కంప్యూటర్ దాన్ని సీడీ డ్రైవ్‌గా గుర్తించింది. కొన్ని అడాప్టర్లు ఇలాగే ఉంటాయి. విండోస్ డ్రైవర్‌ను, అంటే పరికరాన్ని నడిపించే ప్రోగ్రాంను, తమలోనే దాచుకుని, మొదట సీడీలా కనిపించి, డ్రైవర్ ఎక్కించాక అసలు రూపంలోకి మారతాయి. లినక్స్‌లో ఆ మార్పిడికి వేరే ప్రోగ్రాం కావాలి. అది తేవడానికి నెట్ కావాలి, ఆ నెట్ కోసమే కదా ఇదంతా.

ఇలాంటప్పుడు పాత ఆండ్రాయిడ్ ఫోను గొప్పగా పనికొస్తుంది. ఫోనును ఇంటి వైఫైకి కలిపి, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలించి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ అన్నది వేస్తే చాలు. ఫోను తనకు వైఫైలో వస్తున్న నెట్‌ను కంప్యూటర్‌కు అందిస్తుంది. సిమ్ ఉండాల్సిన పని కూడా లేదు. లినక్స్‌కు దీనికోసం ప్రత్యేకంగా డ్రైవర్ అక్కర్లేదు. తెర పగిలిన ఫోను, బ్యాటరీ నిలవని ఫోను కూడా ఈ పనికి చాలు. ఒక్క పైసా ఖర్చు లేకుండా వైఫై పెట్టుకోవాలనుకునేవారికి శాశ్వత పరిష్కారంగా కూడా నేను దీన్నే చెబుతాను. మా ఇంట్లో ఖాళీ ఫోను లేదు, నా ఫోనునే అక్కడ కట్టిపడేయలేను. అందుకని అవసరం తీరేవరకే వాడాను.

ఆ చిన్న అడాప్టర్‌కు తయారీదారు ఇచ్చిన లినక్స్ డ్రైవర్ దొరికింది గానీ, అది ఏళ్ళ కిందటి కెర్నెల్‌తోనే (లినక్స్ మూలభాగం) ఆగిపోయింది. ఎవరో సవరించిన డ్రైవర్‌తో తాత్కాలికంగా నడిచింది. కానీ కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ కూర్చి ఎక్కించాలి. నేను ఊళ్ళో లేనప్పుడు నాన్నగారు ఆ తంటా పడలేరు. కెర్నెల్‌లోనే డ్రైవర్ కలిసి ఉన్న చిప్ తెచ్చుకోవాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేదీ, మిగిలేదీ ఇక్కడే. అడాప్టర్ పెట్టె మీద ఒక కంపెనీ పేరుంటుంది, లోపలి చిప్ మాత్రం ఇంకెవరో చేసింది. అథెరాస్, రాలింక్, మీడియాటెక్, రియల్‌టెక్ లాంటి కొద్దిమందే ఆ చిప్‌లు చేస్తూ వచ్చారు. 2011లో అథెరాస్‌ను క్వాల్‌కామ్, రాలింక్‌ను మీడియాటెక్ కొనుక్కున్నాయి. పాత చిప్‌లు మాత్రం పాత పేర్లతోనే జాబితాల్లో కనిపిస్తాయి. ఒకే మోడల్ నంబరుతో అమ్మే అడాప్టర్‌లో కూడా మొదటి వెర్షన్‌కు ఒక చిప్, రెండో వెర్షన్‌కు మరో చిప్ ఉండవచ్చు. బయటి ప్లాస్టిక్ డొక్కు, పెట్టె మీది బొమ్మ ఏమీ మారవు. వెనక అంటించిన చీటీ మీద సన్నటి అక్షరాల్లో ‘వి1’, ‘వి2’ అన్న తేడా మాత్రమే ఉంటుంది. ఏళ్ళ కిందట ఎవరో కొని బాగుందన్న మోడల్‌ను నమ్మి కొంటే ఇంకేదో చేతికి రావచ్చు.

చిప్ ఏదో ఖాయంగా తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ప్రతి యూఎస్‌బీ పరికరానికీ నాలుగేసి అక్షరాల గుర్తింపు సంఖ్యలు రెండు ఉంటాయి, ఒకటి తయారీదారుది, ఇంకొకటి పరికరానిది. లినక్స్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే ఆజ్ఞతో అవి కనిపిస్తాయి. విండోస్‌లో డివైస్ మేనేజర్‌లో పరికరం వివరాల్లో హార్డ్‌వేర్ ఐడీ అనే చోట ఉంటాయి. ఆ రెండు సంఖ్యలు కలిపి వెతికితే చిప్ పేరు బయటపడుతుంది. దుకాణదారు ఒప్పుకుంటే కొనేముందే ఏదో ఒక ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడవచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చిప్ పేరు వివరాల్లో రాసినవాళ్ళ దగ్గరే కొన్నాను. రాయనివాళ్ళను అడిగాను, జవాబివ్వనివాళ్ళను వదిలేశాను.

నేను ఎంచుకున్నది అథెరాస్ ఏఆర్9271 చిప్ ఉన్న అడాప్టర్. పాతది, 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, వేగం కూడా పెద్దగా లేదు. కానీ దాని డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో ఎప్పటినుంచో ఉంది. ఫర్మ్‌వేర్, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రాం, కూడా మూలసంకేతంతో సహా విడుదలైంది. ఇంత తెరిచిపెట్టిన చిప్‌లు వైఫై ప్రపంచంలో చాలా అరుదు. ఇలాంటి పరికరానికి కంపెనీ చేతులెత్తేసినా ఆయుష్షు ఉంటుంది. అందుకే నాకు దానిమీద అంత మక్కువ. ఇంకా చౌకగా కావాలంటే రాలింక్ ఆర్‌టీ5370, మీడియాటెక్ ఎంటీ7601యూ చిప్‌లున్నవి దొరుకుతాయి. వీటి డ్రైవర్లు కూడా కెర్నెల్‌లోనే ఉన్నాయి. రెండు బ్యాండ్లూ కావాలంటే ఎంటీ7612యూ చూడవచ్చు. దాని డ్రైవర్ 2018లో వచ్చిన 4.19 కెర్నెల్‌తో చేరింది.

అడాప్టర్ వచ్చింది, డెస్క్‌టాప్ వెనక పోర్టులో తగిలించాను. క్షణాల్లో చుట్టుపక్కల వైఫైల పేర్లన్నీ తెర మీదికి వచ్చాయి. డెబియన్ 12 నుంచి అవసరమైన ఫర్మ్‌వేర్ ఇన్‌స్టలేషన్ ఫైల్‌లోనే కలిపి ఇస్తున్నారు. అంతకుముందు వెర్షన్లలో ఫర్మ్‌వేర్ విడిగా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాల్సి వచ్చేది. పాస్‌వర్డ్ కొట్టగానే కలిసింది. అయితే సిగ్నల్ నీరసంగా ఉంది, మైనస్ 74 డీబీఎం చూపిస్తోంది. ఈ అంకె సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 అంటే దివ్యంగా ఉన్నట్టు, 70 దాటితే తడబాటు మొదలవుతుంది, 80 దాటితే ఆశ వదులుకోవచ్చు.

కారణం కళ్ళెదుటే ఉంది. క్యాబినెట్ ఇనప డబ్బా. బల్ల కింద, గోడకు ఆనుకుని, వెనకవైపు రౌటర్‌కు పూర్తిగా పెడమొహంగా ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. అంత పొట్టి తరంగానికి ఇనుప రేకు పెద్ద అడ్డు. అడాప్టర్‌ను నేరుగా పోర్టులో గుచ్చకుండా మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, దాన్ని బల్ల పైనున్న పుస్తకాల అల్మారా అంచుకు తెచ్చాను. అక్కడ నిలబెట్టి యాంటెన్నాను నిటారుగా తిప్పాను. అంకె చూస్తుండగానే మైనస్ 58కి వచ్చింది. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శక్తి రెట్టింపు, 10కి పది రెట్లు. అంటే 16 డెసిబెల్స్ తేడా అంటే అందుతున్న సంకేతం దాదాపు నలభై రెట్లు పెరిగినట్టు. ఒక్క చిన్న కేబుల్‌తో వచ్చిన ఫలితం ఇది. ‘శక్తిమంతమైన’ అడాప్టర్ల కోసం ఖర్చు పెట్టేముందు ఎవరైనా సరే ఈ పని చేసి చూడాలని గట్టిగా చెబుతాను. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు, ఆ జాగ్రత్త చాలు.

మరో సంగతి. కొంచెం కొత్త కంప్యూటర్లలో నీలిరంగు యూఎస్‌బీ 3.0 పోర్టులుంటాయి. వాటి పక్కనే 2.4 గిగాహెర్ట్జ్ అడాప్టర్ పెడితే సిగ్నల్ చెడుతుంది. యూఎస్‌బీ 3.0 పనిచేసేటప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా ఆ బ్యాండ్‌లోకి వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. అక్కడా మందు ఎక్స్‌టెన్షన్ కేబులే.

రౌటర్‌లో కూడా రెండు మార్పులు చేశాను. ఫోనులో వైఫై కొలిచే యాప్ తెరిచి చూస్తే ఇరుగుపొరుగు రౌటర్లు చాలావరకు 6వ చానల్ మీద గుమిగూడి ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11. మాది 11కు మార్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు కట్టేశాను. ఐపెర్ఫ్3 అనే ప్రోగ్రాంతో వేగం కొలిస్తే మేడ మీద 38 మెగాబిట్ల చుట్టూ నిలకడగా వచ్చింది. లెక్కకు తగ్గట్టే ఉంది కాబట్టి అక్కడితో ఆగాను. కాసేపు వాడకుండా ఉంటే కనెక్షన్ మందగించడం కనిపించింది. విద్యుత్ పొదుపు ఆపేస్తే అది కూడా పోయింది.

తరవాత ల్యాప్‌టాప్. దీనికి కూడా యూఎస్‌బీ అడాప్టర్ పెట్టవచ్చు, కానీ పక్కకు పొడుచుకొచ్చిన వస్తువు ఒళ్ళో పెట్టుకు తిరిగే ల్యాప్‌టాప్‌లో ఎన్నాళ్ళో ఉండదు. అంతకన్నా ముఖ్యమైన కారణం, ల్యాప్‌టాప్‌లో తెర చుట్టూ మంచి యాంటెన్నాలు ముందే అమర్చి ఉంటాయి. గోరంత అడాప్టర్‌లోని యాంటెన్నా వాటికి సాటిరాదు. లోపలి కార్డు మారిస్తే ఆ యాంటెన్నాలే కొత్త కార్డుకు పనికొస్తాయి.

కార్డు కొనేముందు తప్పనిసరిగా చూసుకోవాల్సింది ఒకటుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు తాము ఆమోదించిన కార్డులు తప్ప వేరేవి పెడితే అసలు ఆన్ కావడానికే ఒప్పుకోవు. యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే బయాస్ అనే ప్రోగ్రాంలోనే ఆ జాబితా ఉంటుంది. వినియోగదారు కొన్న యంత్రంలో వినియోగదారు కార్డు మార్చుకోకూడదనడం అన్యాయమని నా అభిప్రాయం. మా ల్యాప్‌టాప్ మోడల్‌కు ఆ అడ్డంకి లేదని రూఢి చేసుకున్నాకే ముందుకు వెళ్ళాను. కార్డు పరిమాణం కూడా చూడాలి. పూర్తి సైజు, సగం సైజు అని రెండున్నాయి. మా స్లాట్ పూర్తి సైజుది. దొరికిన కార్డు సగం సైజుది. దానికి ఒక లోహపు పట్టీ బిగించి పొడవు సరిచేశాను.

తీసుకున్న కార్డు అథెరాస్ ఏఆర్9462, వాడేసినదే. 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటిలోనూ పనిచేస్తుంది, బ్లూటూత్ అదనం. లినక్స్‌లో దీని వైఫైకి విడిగా ఫర్మ్‌వేర్ కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఇప్పుడున్నది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కొత్త విండోస్‌ను ఈ యంత్రం మోయలేదు కాబట్టి త్వరలో దీన్ని కూడా లినక్స్‌కు మార్చాలి. ఆ రోజు వైఫై కోసం మళ్ళీ వెతుక్కోకుండా ఉండాలనే ఈ చిప్ ఎంచుకున్నాను.

మార్చడం పెద్ద పనేమీ కాదు, కానీ ఓపిక కావాలి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడదీసి, అడుగు మూత మరలు విప్పాను. కార్డు తలమీద రెండు సన్నటి తీగలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు, మెంతిగింజంత బంగారు రంగు బొత్తాలతో నొక్కి ఉన్నాయి. తీసేముందు ఫొటో తీసుకున్నాను. ఈ బొత్తాలను తీగ పట్టుకుని లాగకూడదు, బొత్తం అంచు కింద గోరు పెట్టి నిలువుగా పైకి లేపాలి. కొత్త కార్డుకు పెట్టేటప్పుడు బొత్తాన్ని సరిగ్గా మొలక మీద ఆనించి, అటూ ఇటూ ఒరగకుండా వేలితో నొక్కితే ‘టిక్’ మని చిన్న శబ్దం వస్తుంది. ఒరిగి ఉండగా నొక్కితే లోపలి అంచు వంగిపోతుంది, ఆ తరవాత అది గట్టిగా పట్టదు. స్లాట్‌లోకి కార్డును ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, మర బిగించాను. ఆన్ చేయగానే విండోస్ తనంతట తానే గుర్తించింది.

అమ్మ తీసుకెళ్ళి కూర్చుంది. కాసేపటికే పిలిచింది.

“వైఫై గుర్తు నిండుగానే ఉందిరా, ఒక్క పేజీ కూడా రావడం లేదు. ఏదో ప్రమాదం అని ఎర్రగా చూపిస్తోంది.”

వెళ్ళి రౌటర్‌కు పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే ఆజ్ఞ) కొట్టి చూశాను, జవాబులు వస్తున్నాయి. బయటి సర్వర్‌కు కొట్టినా వస్తున్నాయి. అంటే నెట్‌వర్క్‌లో దోషం లేదు. కింద మూల గడియారం చూస్తే తేదీ 2009 జనవరి అని ఉంది. ఆ ల్యాప్‌టాప్ పెద్ద బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, గడియారాన్ని నడిపే లోపలి చిన్న బ్యాటరీ కూడా అయిపోయినట్టుంది. ఛార్జర్ పీకగానే కాలం వెనక్కి వెళ్ళిపోయింది. వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో ఆ పత్రాలు ఇంకా పుట్టనే లేదు కాబట్టి బ్రౌజర్ దేన్నీ నమ్మలేదు. తేడా ఇంత ఎక్కువైతే విండోస్ తనంతట తాను నెట్ నుంచి సమయం సరిచేసుకోదు. తేదీ చేత్తో మార్చగానే పేజీలన్నీ తెరుచుకున్నాయి. ఆ చిన్న బ్యాటరీ కూడా మార్పించాను. పాత కంప్యూటర్‌ను చాలాకాలం తరవాత నెట్‌కు కలిపేవారు ఎవరైనా వైఫైని అనుమానించేముందు గడియారం చూడాలి. డెస్క్‌టాప్‌లలో అది సీఆర్2032 అనే గుండ్రటి బ్యాటరీ, ఎవరైనా మార్చుకోవచ్చు.

మిగిలింది వెనక గది. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. దాన్ని ఎందుకింకా ఉంచుకున్నామంటే, ఆ స్కానర్‌కు తరవాతి విండోస్‌లకు డ్రైవర్ రాలేదు. తాతగారి కాలం నాటి ఫొటోలు, నెగెటివ్‌లు అందులోనే స్కాన్ చేస్తున్నాం, ఇంకా చాలా మిగిలాయి. మా బావగారు తన దగ్గరున్న పాత పీసీఐ వైఫై కార్డు తెచ్చి ఇచ్చారు. 802.11బీ కార్డు అది, 11 మెగాబిట్లది. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, డ్రైవర్ కూడా ఎక్కింది. మా రౌటర్‌తో మాత్రం కలవలేదు. దానికి తెలిసిన భద్రతా పద్ధతి డబ్ల్యూఈపీ ఒక్కటే.

“రౌటర్‌లో కూడా అదే పెట్టేస్తే కలుస్తుంది కదా” అన్నారు బావగారు.

“వద్దండీ బావగారూ. దీనికోసం ఇంటి తలుపు తాళమే తీసేసినట్టవుతుంది” అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. డబ్ల్యూఈపీని ఛేదించవచ్చని 2001లోనే పరిశోధకులు చూపించారు. 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చింది అందుకే. రౌటర్‌ను డబ్ల్యూఈపీకి దించితే ఆ ఒక్క కంప్యూటర్‌కే కాదు, ఇంట్లో ప్రతి ఫోనుకూ రక్షణ పోతుంది. పైగా 802.11ఎన్ నియమాల ప్రకారం డబ్ల్యూఈపీ వాడుతున్నప్పుడు ఎన్ వేగాలు పనిచేయకూడదు, అందరూ 54కు పడిపోతారు. బావగారు విని ఒప్పుకున్నారు, కార్డు తిరిగి ఇచ్చేశాను.

ఈ యంత్రానికి యూఎస్‌బీ దారి లేదు, పీసీఐ దారి ఇలా ముగిసింది. మిగిలింది దాని వెనకున్న కేబుల్ నెట్‌వర్క్ పోర్టు. ఇంటర్నెట్ కంపెనీ మారినప్పుడు పక్కన పెట్టేసిన పాత రౌటర్ ఒకటి అటక మీద ఉంది. రౌటర్ వైఫైని పంచగలిగినట్టే, వేరే రౌటర్ వైఫైని అందుకోనూగలదు. అలా అందుకున్నదాన్ని కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు ఇస్తుంది. కంప్యూటర్‌కు అది మామూలు కేబుల్ కనెక్షనే, డ్రైవర్ గొడవ ఉండదు. డబ్ల్యూపీఏ2 పని రౌటరే చూసుకుంటుంది. కేబుల్ పోర్టు ఉన్న ఏ పాత యంత్రానికైనా, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉన్నా, ఈ పద్ధతి నడుస్తుంది. నా దృష్టిలో పాత కంప్యూటర్లకు ఇంతకు మించిన మార్గం లేదు.

కొన్ని రౌటర్లలో ఇలా అందుకోవడానికి క్లయింట్ అనే ఏర్పాటు కంపెనీ ఇచ్చినప్పుడే ఉంటుంది. మాదాంట్లో లేదు. అందుకని దానిలో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఎక్కించాను. దీనికి కనీసం 8 మెగాబైట్ల ఫ్లాష్, 64 మెగాబైట్ల ర్యామ్ ఉండాలి. 4, 32 ఉన్న మరీ చిన్న రౌటర్లకు ఇప్పటి వెర్షన్లు సరిపోవు. ఇక్కడ కూడా వెనక చీటీ మీది వెర్షన్ ముఖ్యం. మోడల్ ఒకటే అయినా వెర్షన్ వేరైతే ఫైలు వేరు, తప్పు ఫైలు ఎక్కిస్తే రౌటర్ ఇక లేవకపోవచ్చు. ఎక్కించేటప్పుడు కేబుల్‌తోనే కలిపాను, దీపాలు నిలకడగా వెలిగేదాకా కరెంటు ముట్టుకోలేదు.

వైఫైని అందుకునే రౌటర్‌ను మామూలు వంతెనగా వాడటంలో ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. మామూలు వైఫై క్లయింటు తన ఒక్క చిరునామాతోనే మాట్లాడగలదు, వెనకున్న కంప్యూటర్ చిరునామాను యథాతథంగా ముందుకు పంపలేదు. అందుకని దాని వెనక విడిగా ఒక చిన్న నెట్‌వర్క్ కట్టాను. ఇంట్లో అందరివీ 192.168.1తో మొదలయ్యే చిరునామాలైతే, వెనక గదిలో 192.168.2. ఈ రెండు అంకెలూ ఒకటే అయితే ఏదీ నడవదు, ముందే వేరుచేయాలి.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చింది మధ్యలో నా చేతిలో ఒక కాపలా ఉండటం. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. దాన్ని ఇంటర్నెట్‌లోకి వదలడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు, దానికి ఆ అవసరమూ లేదు. స్కాన్ చేసిన ఫొటోలు మేడ మీది డెస్క్‌టాప్‌కు చేరితే చాలు. కాబట్టి పాత రౌటర్ ఫైర్‌వాల్‌లో వెనక గది నుంచి బయటికి వెళ్ళేవన్నీ ఆపేసి, నాన్నగారి కంప్యూటర్ చిరునామాకు మాత్రం దారి వదిలాను. ఆ చిరునామా మారిపోకుండా ముందు గది రౌటర్‌లో దాన్ని స్థిరపరిచాను.

ఫోల్డర్ పంచుకోవడంలో ఒక చిక్కు వచ్చింది. ఫోల్డర్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో ఎక్స్‌పీకి తెలిసిన మొదటి వెర్షన్‌ను, లినక్స్‌లో ఆ పని చేసే సాంబా 2019లో వచ్చిన 4.11 నుంచి మామూలుగా ఆపేసి ఉంచుతోంది. భద్రత కోసమే అలా చేశారు, దాన్ని మళ్ళీ తెరవాలనిపించలేదు. బదులుగా డెస్క్‌టాప్‌లో ఎఫ్‌టీపీ (ఫైళ్ళు పంపే మరో పద్ధతి) సర్వర్ చిన్నది పెట్టాను, ఒకే ఒక్క ఫోల్డర్‌కు అనుమతితో. ఎక్స్‌పీలో మామూలు ఫోల్డర్ కిటికీలోనే ఎఫ్‌టీపీ చిరునామా కొట్టి ఫైళ్ళు లాగి వేయవచ్చు. నాన్నగారికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది.

అంతా అయ్యాక ఎక్స్‌పీలో బ్రౌజర్ తెరిచి ఒక వార్తల సైటు కొట్టాను, తెరుచుకోలేదు. అదే నేను కోరుకున్నది. తరవాత ఎఫ్‌టీపీ ఫోల్డర్ తెరిచి, పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేసిన ఫొటో ఒకటి పంపాను. పైన నాన్నగారి తెర మీద అది వచ్చేసింది. పాత రౌటర్‌కు ప్లగ్గు ఆ కంప్యూటర్, స్కానర్ ఉన్న పలక మీదే పెట్టాను. ఒక్క స్విచ్చు వేస్తే మూడూ ఆన్ అవుతాయి, పని అయిపోయాక మూడూ ఆరిపోతాయి. ఎక్స్‌పీ లేచి స్కానర్ వేడెక్కేలోగా రౌటర్ వైఫైని అందుకుని సిద్ధంగా ఉంటుంది.